మంచాలు పెంచే ముందు మంచం లెక్క: తిరుపతిలో సేవా హాస్టల్‌కు గ్రాంటు తెచ్చుకోవడం ఎలా

రెండేళ్ళ కిందట కార్తీక మాసంలో వారం రోజులు వదలకుండా వాన. మా హాస్టల్ మిద్దె మీద పదహారు ఇనుప మంచాలు, పదహారు పరుపులు టార్పాలిన్ కింద ఉన్నాయి. పరుపులు నీళ్ళు తాగి ఉబ్బిపోయాయి, మంచాల కాళ్ళు తుప్పు పట్టాయి. ఒక కంపెనీ సీఎస్ఆర్ (చట్టప్రకారం కంపెనీలు సామాజిక పనులకు పెట్టే డబ్బు) కింద ఇచ్చిన సరుకు అది, మేం తిరిగి తిరిగి తెచ్చుకున్నది. వాటిని వేయాలంటే పై అంతస్తు అద్దెకు తీసుకోవాలి, రాత్రికి ఇంకో వార్డెన్‌ను పెట్టాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని దరఖాస్తు రాసేటప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు. ఎనిమిది నెలలు అవి అక్కడే ఉన్నాయి.

కంపెనీని అనడానికేమీ లేదు. మంచాలు అడిగాం, మంచాలు ఇచ్చారు.

ఆ హాస్టల్ నడిపే సొసైటీకి లెక్కలు, దరఖాస్తులు చూసేది నేనే. రేణిగుంట, కరకంబాడి వైపు ఫ్యాక్టరీల్లో, ఊళ్ళో ఆసుపత్రుల్లో, బట్టల షాపుల్లో పనిచేసే ఆడపిల్లలు అప్పటికి మా దగ్గర 24 మంది ఉండేవాళ్ళు. మాలాగే చిన్న హాస్టలో, వృద్ధాశ్రమమో, రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు వచ్చే రోగుల బంధువులకు తక్కువ ఖర్చు వసతో నడుపుతూ, ఇంకొంచెం పెంచాలనుకునే వాళ్ళకోసం ఇది రాస్తున్నాను. లాభానికి నడిపే పీజీలకు ఇందులో ఏమీ లేదు, వాళ్ళ దారి బ్యాంకు అప్పే.

ముందు ఒక్క మంచం ఖర్చు తేల్చండి

ఎవరి ఆఫీసుకూ వెళ్ళకముందు చేయాల్సిన పని ఇది. పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని కూర్చోండి. ఒక్క నెల చూస్తే మోసపోతారు. తిరుపతిలో మే నెల కరెంటు బిల్లు, నీళ్ళ ట్యాంకర్ల ఖర్చు చూసినవాళ్ళకు డిసెంబరు లెక్క చూపిస్తే నవ్వుతారు. ఏడాది మొత్తం కూడి పన్నెండుతో భాగించండి.

అర్థం కావడానికి ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి. 24 మంచాల హాస్టల్‌కు నెలకు:

అద్దె 45,000
భోజనం, మనిషికి రోజుకు 90 చొప్పున 64,800
వంటమనిషి, వార్డెన్ జీతాలు 26,000
గ్యాస్ 11,000
కరెంటు 9,000
నీళ్ళు, చిల్లర రిపేర్లు 6,000
మిగతావి 4,200

మొత్తం 1,66,000. మంచానికి సుమారు 6,917. ఒక్కో అమ్మాయి 5,000 ఇస్తే 1,20,000 వస్తుంది. నెలకు 46,000 లోటు. దాన్ని ఇప్పటికే మీ దాతలో, కమిటీ సభ్యులో ఎలాగోలా పూడుస్తూ ఉంటారు, లేకపోతే హాస్టల్ నడుస్తూ ఉండేది కాదు.

నాలుగు మంచాలు ఖాళీగా ఉన్న నెల చూడండి. తగ్గేది భోజనం ఖర్చు 10,800 మాత్రమే. అద్దె తగ్గదు, వార్డెన్ జీతం తగ్గదు. ఉన్న ఇరవై మంది మీద మంచానికి 7,760 పడుతుంది. అందుకే ఉన్న మంచాలు ఏడాదిలో ఎన్ని రోజులు నిండి ఉన్నాయో లెక్క తీయకుండా కొత్త మంచాల మాట ఎత్తకండి. మీరు తీయకపోతే అవతలివాళ్ళు తీస్తారు.

ఇప్పుడు 24ను 40 చేద్దాం. పై అంతస్తుతో అద్దె 70,000 అవుతుంది. భోజనం 1,08,000. రాత్రి వార్డెన్, ఇంకో సహాయకురాలితో జీతాలు 46,000. గ్యాస్ 17,000, కరెంటు 15,000, నీళ్ళు, రిపేర్లు 10,000, మిగతావి 6,000. మొత్తం 2,72,000. మంచానికి 6,800.

పదహారు మంచాలు పెంచితే మంచానికి తగ్గింది 117 రూపాయలు! "మనుషులు పెరిగితే ఖర్చు పంచుకుంటారు కదా, లోటు అదే తగ్గుతుంది" అని మా కమిటీలో పెద్దాయన ఒకరు గట్టిగా వాదించారు. నేనూ తలూపాను. కానీ 40 మంది ఇచ్చేది 2,00,000, లోటు 72,000. అంటే పెరగకముందు 46,000 ఉన్న లోటు పెరిగాక ఇంకో 26,000 ఎక్కువైంది. ఖర్చుకంటే తక్కువకు ఇచ్చే చోట ఒక్కో మంచం పెరిగినప్పుడల్లా లోటూ పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే మా మంచాలు వానలో నానేవి కావు.

ఇంకోటి ఉంది. కొత్త మంచాలు మొదటి రోజే నిండవు. మూడు నెలలపాటు పదహారులో ఎనిమిదే నిండాయనుకోండి. ఖర్చు 2,50,400, రాబడి 1,60,000, లోటు 90,400. పాత 46,000 పోను కొత్తగా మీద పడేది నెలకు 44,400.

ఈ కొత్త లోటు శాశ్వతంగా ఎలా పూడుతుందో కూడా మీరే చెప్పాలి. మన ఊళ్ళో దారులు లేకపోలేదు. పెళ్ళిరోజుకు, పిల్లల పుట్టినరోజుకు, తల్లిదండ్రుల తిథికి ఒక పూట భోజనం పెట్టించేవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. రాత్రి భోజనం మనిషికి 35 వేసుకుంటే 40 మందికి 1,400. నెలకు పది పూటలు అలా కొత్తగా పట్టుకుంటే 14,000. సీనియారిటీ వచ్చి జీతం పెరిగిన అమ్మాయిలు పన్నెండు మంది వెయ్యి ఎక్కువ ఇవ్వడానికి ఒప్పుకుంటే 12,000. రెండూ కలిపితే 26,000. సరిపోయింది. కాకపోతే ఇది కుదురుకోవడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాది కోసమే గ్రాంటు అడగాలి.

ఇక మొత్తం కూడండి. మంచం, పరుపు, లాకరు కలిపి 14,000 చొప్పున పదహారింటికి 2,24,000. రెండు బాత్రూములు, ప్లంబింగ్ 2,50,000. నిండే మూడు నెలలకు 1,33,200. మిగతా తొమ్మిది నెలలకు నెలకు 26,000 చొప్పున 2,34,000. మొత్తం 8,41,200. ఈ లెక్కన చూస్తే మేం ఆ రోజు అడిగింది పై 2,24,000 ఒక్కటే.

ఇంటి ఓనరుకు ఇచ్చే అడ్వాన్సు ఇందులో కలపలేదు. తిరిగొచ్చే డబ్బు కాబట్టి దానికి మాకు ఇంతవరకూ ఎవరూ గ్రాంటు ఇవ్వలేదు. దాన్ని కమిటీ సర్దుకోవాలి.

కాగితాలు: ముందు బైలాస్ (సంస్థ నియమావళి) తీసి చదవండి

సొసైటీ అయితే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, లేదంటే ట్రస్టుగానో సెక్షన్ 8 (లాభం పంచుకోని) కంపెనీగానో మీరు నమోదై ఉంటారు. ఏదైనా ఫర్వాలేదు. కానీ మీ లక్ష్యాల జాబితాలో 'వసతి' అన్న మాట ఉందా? మా మొదటి దరఖాస్తు వెనక్కి వచ్చింది దీనికే. ఎప్పుడో టైపు చేయించిన బైలాస్‌లో విద్య, వైద్యం, పర్యావరణం, కుట్టుమిషన్ల శిక్షణ అన్నీ ఉన్నాయి, నడుపుతున్న హాస్టల్ మాట తప్ప. జనరల్ బాడీ పెట్టి, తీర్మానం చేసి, రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చేసి సరిచేసుకున్నాం. లక్ష్యాలు మార్చినప్పుడు ఆ సంగతి ఇన్‌కంటాక్స్ రిజిస్ట్రేషన్‌కూ తగులుతుంది, అక్కడా మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. తీర్మానం చేసిన రోజే ఆడిటర్‌కు ఫోన్ చేయండి, ఆరు నెలల తర్వాత కాదు.

అందరూ 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) అని పిలిచే రెండు ఇన్‌కంటాక్స్ రిజిస్ట్రేషన్లు లేకుండా ఏ కంపెనీ గడపా తొక్కకండి. కొత్త సంస్థకు ముందు మూడేళ్ళకు తాత్కాలికంగా ఇస్తారు. గడువు తేదీ గోడ మీద క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి, మర్చిపోయి నష్టపోయినవాళ్ళను చూశాను. 80జీ ఉంది కదా అని నగదు తీసుకుని రసీదు ఇచ్చేయకండి: 2,000 దాటిన నగదుకు దాతకు పన్ను మినహాయింపు రాదు. స్వచ్ఛంద సంస్థల కోసం కేంద్రం నడిపే ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఉచితం, ప్రభుత్వ గ్రాంటు అడగాలంటే ఆ నంబరు ఉండాలి.

కంపెనీల డబ్బు తీసుకోవాలంటే 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 అనే ఫారం నింపి నంబరు తెచ్చుకోవడం తప్పనిసరి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వేయాలి. సంస్థ తరఫున ఒకరి డిజిటల్ సంతకం కావాలి, ప్రాక్టీసులో ఉన్న సీఏనో, కంపెనీ సెక్రటరీనో, కాస్ట్ అకౌంటెంటో ధ్రువీకరించాలి. ఇలాంటి పనిలో మూడేళ్ళ అనుభవం కూడా అడుగుతారు. అది లేనివాళ్ళు అర్హత ఉన్న పెద్ద సంస్థతో కలిసి మొదటి ప్రాజెక్టు చేయడం మేలు. చిన్నతనం అనుకోవద్దు, పని నేర్చుకున్నట్టూ ఉంటుంది.

మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు, పాన్, కమిటీ సభ్యుల జాబితా, బ్యాంకు స్టేట్‌మెంట్లు స్కాన్ చేసి ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

చూసుకునేవాళ్ళు లేని పద్దెనిమిది ఏళ్ళలోపు పిల్లలను ఉంచుకుంటున్నారా? అది హాస్టల్ కింద రాదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద బాలల సంరక్షణ సంస్థగా నమోదు చేయాలి. సాయం చేసే తొందరలో ఒక్క పాపను అలా ఉంచుకున్నా చిక్కుల్లో పడతారు.

బిల్డింగు ఎవరిది?

"స్థలం రెడీగా ఉంది సార్, బిల్డింగు కట్టిస్తే చాలు" అనేవాళ్ళు చాలామంది. ఆ స్థలం కాగితాలు తీస్తే సగం కథ అక్కడే తేలిపోతుంది.

మన జిల్లాలో ఎవరైనా ఉదారంగా స్థలం ఇస్తామంటే మొదట అడగాల్సింది డీకేటీ పట్టానా, సెటిల్‌మెంటు (సొంత హక్కున్న) పట్టానా అని. డీకేటీ అంటే ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూమి. 1977 నాటి చట్టం దాని బదిలీని నిషేధించింది. తర్వాత కొన్ని సడలింపులు వచ్చాయి కానీ అవి మీకు వర్తిస్తాయో లేదో రెవెన్యూ ఆఫీసులో రాతపూర్వకంగా తేలేదాకా అడుగు వేయకండి. రెండోది 22ఏ జాబితా, అంటే నిషేధిత భూముల జాబితా. అందులో సర్వే నంబరు ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. తిరుపతి చుట్టుపక్కల మఠం భూములు, దేవాదాయ భూములు, చెరువు పోరంబోకులు ఎక్కువ కాబట్టి ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించండి, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) చూడండి, ఒక లాయరుకు ఫీజు ఇచ్చి అభిప్రాయం రాయించుకోండి. ఆ కాగితం తర్వాత ప్రపోజల్‌కూ పనికొస్తుంది.

కంపెనీ డబ్బుతో స్థిరాస్తి కట్టినా కొన్నా అది కంపెనీ పేరు మీద ఉండకూడదని సీఎస్ఆర్ నియమాలు చెప్తాయి. సీఎస్ఆర్ నంబరున్న స్వచ్ఛంద సంస్థ పేరునో, లబ్ధిదారుల సంఘాల పేరునో, ప్రభుత్వ సంస్థ పేరునో ఉండాలి. కాబట్టి కమిటీ ప్రెసిడెంటు గారి సొంత స్థలంలో సొసైటీ బిల్డింగు కడతామంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఆయన ఎంత మంచివారైనా సరే, ముందు గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టర్ చేయాలి. ఇది ఆయనతో చెప్పడమే ఈ మొత్తం పనిలో కష్టమైన భాగం. మా ఆడిటర్‌ను ముందుపెట్టి చెప్పించాను నేను.

అద్దె బిల్డింగు అయితే పదకొండు నెలల అగ్రిమెంటుతో పని జరగదు. గ్రాంటు కాలం, దాని తర్వాత మరి కొన్నేళ్ళు కలిసొచ్చేలా రిజిస్టర్డ్ లీజు ఉండాలి. లేకపోతే మీరు కట్టించిన బాత్రూములు మరుసటి ఏడాది ఓనరు గారి పీజీకి పనికొస్తాయి. ప్లాన్ అప్రూవల్, ఫైర్ శాఖ అనుమతి సంగతి కూడా అప్పుడే చూసుకోండి. పై అంతస్తుకు ఒకే ఇరుకు మెట్ల దారి ఉంటే అక్కడ పదహారు మందిని పడుకోబెట్టడం మీకే నిద్ర పట్టనివ్వదు.

డబ్బు ఎక్కడుంది

తిరుపతిలో ఎవరైనా మొదట చూసేది కొండ వైపే. టీటీడీ ట్రస్టులు వేటికవి ఒక పనికి పెట్టినవి: అన్నప్రసాదం, ప్రాణదానం, గోసంరక్షణ. మీ హాస్టల్ మంచాలు ఆ జాబితాలో లేవు. దండం పెట్టుకుని కిందికి చూడండి.

కింద కంపెనీలున్నాయి. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉన్న కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. ఏ పనులకన్నది చట్టం ఏడో షెడ్యూల్‌లో ఉంది. అందులో మహిళలకు, అనాథలకు హోములు, హాస్టళ్ళు, వృద్ధాశ్రమాలు అని పేరు పెట్టి మరీ రాసి ఉంది. ప్రపోజల్ మొదటి పేజీలోనే ఆ వాక్యాన్ని చూపించండి. కంపెనీ తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలోనే ఉంది. శ్రీసిటీ, రేణిగుంట, కరకంబాడి కంపెనీలు ఇంత దగ్గర ఉండగా హైదరాబాద్ ఆఫీసుల చుట్టూ తిరగడం నాకెప్పుడూ అర్థం కాలేదు. మీ హాస్టల్‌లో ఉండే అమ్మాయిలు ఏ కంపెనీలో పనిచేస్తున్నారో ముందు రాసుకోండి. మేం అలా రాసినప్పుడు సగానికిపైగా నాలుగు కంపెనీల్లోనే తేలారు. ఒక చిక్కుంది: కేవలం తన ఉద్యోగులకే లాభించే పని సీఎస్ఆర్ కిందికి రాదు. కాబట్టి అన్ని చోట్ల పనిచేసేవాళ్ళకూ తలుపు తెరిచే ఉంటుందని స్పష్టంగా రాయాలి.

ఎప్పుడు వెళ్ళాలి? మార్చిలో వద్దు. అప్పుడు మిగిలిన డబ్బు ఎలాగోలా ఖర్చు చేసే హడావుడిలో ఉంటారు, మీకు మంచాలే వస్తాయి, మాకు వచ్చినట్టు. ఏడాది ప్రణాళికను బోర్డు ఆమోదించాలి కాబట్టి, సంక్రాంతికి ముందే మనిషిని కలిసి, రెండు పేజీల నోటు ఇచ్చి రండి.

ప్రభుత్వ పథకాల్లో మీకు తగిలేవి మూడు.

పనిచేసే మహిళల హాస్టళ్ళకు మిషన్ శక్తి కింద సఖీ నివాస్ ఉంది. జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయంలో అడగండి. డబ్బుకంటే ముందు నిబంధనలు చదవండి. మెట్రో నగరాలు కాని చోట నెల జీతం 35,000 లోపు ఉన్నవాళ్ళే అర్హులు. అద్దె డార్మిటరీలో అయితే జీతంలో 7.5 శాతం, ఇద్దరి గదిలో 10 శాతం, ఒంటరి గదిలో 15 శాతం దాటకూడదు. మెస్ ఛార్జీలు వేరు. ఇప్పుడు లెక్క వేయండి. 14,000 జీతం ఉన్న అమ్మాయి డార్మిటరీలో ఉంటే అద్దె 1,050కి మించకూడదు. మన ఉదాహరణలో 5,000 నుంచి భోజనం 2,700 తీసేస్తే అద్దె కింద వస్తున్నది 2,300. అంటే పథకంలో చేరిన రోజు నుంచి ఒక్కో మంచం మీద 1,250 రాబడి పోతుంది. గ్రాంటు దానికి మించి వస్తేనే చేరాలి. పథకాన్ని తప్పుపట్టడం లేదు, అమ్మాయిల వైపు నుంచి చూస్తే ఆ పరిమితి న్యాయమైనదే. సంతకం పెట్టే ముందు కమిటీకి ఈ అంకె తెలియాలని చెప్తున్నా, అంతే.

వృద్ధాశ్రమాలకు అటల్ వయో అభ్యుదయ యోజనలో సీనియర్ సిటిజన్ల కార్యక్రమం ఉంది. ఆమోదించిన ఖర్చులో 90 శాతం దాకా ఇస్తారు, దరఖాస్తు ఈ-అనుదాన్ పోర్టల్‌లో. మిగతా 10 శాతం మీ వాటా. అసలు కష్టం ఆ పదితో కాదు, విడతకూ విడతకూ మధ్య గడిచే నెలలతో. ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా దీనికి దిగితే కిరాణా కొట్టులో ముఖం చాటేయాల్సి వస్తుంది.

ఇల్లు లేనివాళ్ళ రాత్రి షెల్టర్ల సంగతి వేరు. సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఆదేశాల నుంచి నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ అన్నది కొలమానమైంది. 2011 లెక్కల్లోనే తిరుపతి నగర జనాభా దాదాపు 2.87 లక్షలు. మనిషికి 50 చదరపు అడుగులు చూపాలని కేంద్రం షెల్టర్ల పథకం నిబంధనల్లో ఉండేది. షెల్టర్లు పట్టణ స్థానిక సంస్థ చేతిలో ఉంటాయి, నడిపే పని సంస్థలకు అప్పగిస్తారు. కార్పొరేషన్‌లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్ళను కలిసి, నడిపే సంస్థను ఎంచే ప్రకటన ఎప్పుడు వస్తుందో కనుక్కోండి. సొంత బిల్డింగు లేకుండా పెరగడానికి ఇదొక దారి.

విదేశీ డబ్బు గురించి ఒక్కమాట. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్‌కు సంస్థ మూడేళ్ళు పనిచేసి, ఆ మూడేళ్ళలో తన పనుల మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా తెరవాలి. అమెరికాలో ఉన్న మన ఊరబ్బాయి ఇంకా భారత పౌరుడే అయితే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే మాత్రం విదేశీ విరాళమే. రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో లేకుండా తీసుకోవడం నేరం. "మనోడే కదప్పా" అని తీసుకోవద్దు, పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి.

ప్రపోజల్ రాయడం

"నిరుపేద మహిళల సర్వతోముఖాభివృద్ధికి మా సంస్థ అహర్నిశలు కృషి చేస్తున్నది." ఇలాంటి వాక్యం మీ ప్రపోజల్‌లో ఉంటే కొట్టేయండి. దాని బదులు ఇలా రాయొచ్చు: "గత 12 నెలల్లో మంచం కావాలని 61 మంది వచ్చారు. 19 మందికి ఇవ్వగలిగాం. మిగతా 42 మంది ఎక్కడ పనిచేస్తున్నారో, జీతమెంతో మా వెయిటింగ్ రిజిస్టర్‌లో ఉంది." ఇలా రాయాలంటే ఆ రిజిస్టర్ ఉండాలి. లేకపోతే ఈ రోజే వంద పేజీల నోట్‌బుక్ కొని గేటు దగ్గర పెట్టండి. వచ్చిన తేదీ, పని చోటు, జీతం, ఎందుకు ఇవ్వలేకపోయాం. నాలుగు గళ్ళు చాలు.

మొదటి పేజీలో ఎంత అడుగుతున్నారో, దానితో ఎన్ని మంచాలు, ఏ నెల నుంచి. రెండో పేజీలో ఇందాక వేసిన లెక్క. ఆ లెక్కలో నిండే నెలల లోటు కనిపించాలి, గ్రాంటు ఆగాక 26,000 ఎలా వస్తుందో కనిపించాలి. చాలామంది ఈ లోటును దాచేస్తారు, అడిగితే ఇవ్వరేమోనని. నా అనుభవంలో దాచినప్పుడే అనుమానం వచ్చింది. నడిపే ఖర్చు ఇవ్వలేమని చెప్పే కంపెనీలూ ఉన్నాయి. అలాంటప్పుడు బాత్రూములు, మంచాలు వాళ్ళకు వదిలి, నిండే నెలల ఖర్చు ఇంకొకరిని అడగండి. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి చెప్పండి. ఒకే ఖర్చును ఇద్దరి లెక్కల్లో చూపించడం మాత్రం ప్రాణం పోయినా చేయొద్దు.

అమ్మాయిల ఫోటోలు, పేర్లు పెట్టకండి. గదుల ఫోటోలు చాలు.

చూడటానికి వచ్చిన రోజు

ఫ్లెక్సీ వేయించడం, శాలువాలు కొనడం, పిల్లలతో ప్రార్థన గీతం పాడించడం వద్దే వద్దు. మా దగ్గరకు వచ్చిన కంపెనీ మేడమ్ ఆఫీసు గదిలో వేసిన కుర్చీలో కూర్చోనేలేదు. నేరుగా లోపలికి వెళ్ళి బాత్రూము తలుపు తీసి చూశారు. "ఇరవై నాలుగు మందికి ఎన్ని?" అన్నారు. "మూడు మేడమ్." ఏమీ అనకుండా రాసుకున్నారు. తర్వాత వంటింట్లో టీ తాగుతున్న ఒక అమ్మాయి పక్కన నిలబడి, "బీ షిఫ్టు అయ్యి వచ్చేసరికి ఎంతవుతుందమ్మా? గేటు ఎవరు తీస్తారు?" అని అడిగారు. "పదకొండున్నర అయితాది మేడమ్. వార్డెనక్క మేలుకోనే ఉంటాది. అన్నం మూతేసి పెడతారు" అంది ఆ అమ్మాయి. ఆ తర్వాత గేటు రిజిస్టర్ అడిగి, మూడు నెలల పేజీలు తిప్పి, పదకొండు దాటాక వచ్చినవాళ్ళను లెక్కపెట్టారు. రాత్రి వార్డెన్ జీతం మాకు మంజూరైంది ఆ పేజీల వల్లేనని నా నమ్మకం. ప్రపోజల్‌లో ఆ సంగతి రాయనే లేదు.

కాబట్టి రిజిస్టర్లు బయట పెట్టండి: గేటు, హాజరు, స్టాకు, ఫిర్యాదులు. ఫిర్యాదుల పుస్తకం ఖాళీగా ఉంటే నమ్మరు. "నీళ్ళు రాలేదు" అని రాసి, కింద "మోటారు బాగుచేశాం" అని తేదీతో ఉంటే అదే మీకు సర్టిఫికెట్.

డబ్బు ఖాతాలో పడ్డాక

ఒక్కో గ్రాంటుకు లెక్క విడిగా ఉండాలి. ప్రభుత్వ గ్రాంటు అయితే ఖాతాయే విడిగా ఉండటం మంచిది. దాని మీద వచ్చిన వడ్డీ కూడా మీది కాదు, తిరిగి కట్టాలి. బ్యాంకు వాళ్ళు వేసిన వడ్డీని బియ్యానికి వాడేసి, తర్వాత చేతి నుంచి కట్టుకున్నవాళ్ళున్నారు. ఒక పద్దు కింద ఇచ్చింది ఇంకో పద్దుకు మార్చాలంటే ముందు ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. ఫోన్‌లో "సరేలెండి" అన్నది రేపు ఆడిట్‌లో నిలబడదు.

యూసీ, అంటే డబ్బు చెప్పిన పనికే ఖర్చయిందని ఇచ్చే ధ్రువపత్రం, దాని గడువు మంజూరు ఉత్తర్వులోనే ఉంటుంది. రెండో విడత దాని మీదే ఆధారపడి ఉంటుంది. ప్రతి బిల్లు వెనుక ఏ గ్రాంటు, ఏ పద్దు అని పెన్సిల్‌తో రాసి పెట్టుకుంటే యూసీ రెండు రోజుల పని. లేకపోతే నెల రోజుల టెన్షన్. కూరగాయలకు బిల్లు రాదని అందరూ అంటారు. నిజమే, మార్కెట్ యార్డులో కాగితం అడిగితే వింతగా చూస్తారు. మేం సొంతంగా వోచర్ పుస్తకం అచ్చు వేయించి, రేటు, కిలోలు రాసి, తెచ్చినవాళ్ళ సంతకం, వార్డెన్ సంతకం పెట్టిస్తున్నాం. మా ఆడిటర్ ఒప్పుకున్నారు. మీ ఆడిటర్‌ను ముందే అడగండి.

ప్రభుత్వ గ్రాంటుతో కొన్న వస్తువును అనుమతి లేకుండా అమ్మకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. పాతబడినా సరే. అందుకే ఆస్తుల రిజిస్టర్‌లో ప్రతి వస్తువుకూ నంబరు, కొన్న తేదీ, ఎవరి డబ్బు అన్నది రాసి, అదే నంబరు వస్తువు మీద పెయింటుతో వేయించండి. మా మిద్దె మీది పదహారు మంచాలు కిందికి దించాక తుప్పు గీకించి, రెడాక్సైడ్ కొట్టించి, తలవైపు కాలు మీద 25 నుంచి 40 వరకు తెల్ల పెయింటుతో నంబర్లు వేయించాం. పరుపులు మాత్రం పారేయాల్సి వచ్చింది. రిజిస్టర్‌లో ఆ పదహారు పరుపుల ఎదురుగా 'వానకు పాడైనవి' అని రాసి, ప్రెసిడెంటు, నేను సంతకాలు పెట్టి, కంపెనీకి కాపీ పంపాం.